గట్టి తోడు

1వ రోజు

పాప పుట్టింది. ఉదయం తొమ్మిదీ పదికి. తూకం రెండు కిలోల మూడు వందల పది గ్రాములు. ఊపిరి నిమిషానికి యాభై రెండు.

ఆసుపత్రిలో ఈ పుస్తకం ఇచ్చారు. ఇంత ఎత్తున, ఈ మెట్ట మీద పుట్టి పెరిగినవాళ్ళ పిల్లలకు ఇది ఇవ్వరు. పల్లం నుంచి పనికి వచ్చిన మాలాంటి వాళ్ళ పిల్లలకే ఇస్తారు. మా పిల్లలు తక్కువ బరువుతో పుడతారట, పుట్టాక తేరుకోరట. ఎందుకో ఎవరికీ తెలియదు. అందుకని రోజూ తూకం వేయాలి, గడియారం చూసుకుంటూ ఊపిరి లెక్కపెట్టాలి, గళ్ళలో రాయాలి. తూకానికో గడి, ఊపిరికో గడి. తల్లి ఏం తిన్నదీ, ఎంతసేపు నిద్రపోయిందీ, ఎన్నిసార్లు పాలిచ్చిందీ, అన్నిటికీ గళ్ళున్నాయి. తండ్రికి లేదు. నా మాటలు ఈ అంచుల్లోనే రాసుకోవాలి. పదో తరగతి దాకా చదివాను. రాసుకుంటాను.

నేను చోడిపల్లి పోలిరాజును. మంచు కొండ మీద దుప్పట్లు కుట్టే పని నాది. ఎండకు మంచు కరిగిపోకుండా దాని మీద తెల్లటి దుప్పట్లు పరుస్తాం. ఒక్కో దుప్పటి సముద్రం మింగక ముందు మా ఊరు ఉన్నంత ఉంటుంది. ఆ మంచు మిగిలితేనే కింద నదుల్లో నీళ్ళు. వలలు అల్లిన చేతులు కావాలని మా తీరం వాళ్ళను ఏరి తెచ్చారు. ఎనిమిది రోజులు మంచు మీద, నాలుగు రోజులు ఇంట్లో. నా నాలుగు రోజుల్లో మొదటి రోజునే పాప పుట్టింది. అదృష్టం అంది నూకాలు.

నర్సు హైమవతి గారు పాపను నా చేతికిచ్చారు. "చొక్కా తీసి గుండె మీద పెట్టుకోండి. ఒంటి వెచ్చదనాన్ని మించిన మందు లేదు. తల్లి పడుకున్నప్పుడల్లా తండ్రి పెట్టుకోవాలి" అన్నారు. ఆ ఆసుపత్రిలో నన్ను మీరు అని పిలిచేది ఆవిడొక్కరే.

పెట్టుకున్నాను. అప్పుడే వలలోంచి తీసిన చేపలా ఒకసారి ఎగిరిపడి, తరువాత కదలకుండా పడుకుంది.

2వ రోజు

తూకం 2.240. ఊపిరి 55.

ఇంటికి తెచ్చాం. కొత్తవాళ్ళ లైనులో మాది పదకొండో గది. ఉతికిన పాతగుడ్డలు బయట తీగ మీద వేస్తే అప్పడాల్లా బిగుసుకుపోయాయి. లోపలికి తెచ్చి పొయ్యి చుట్టూ ఆరేశాను. ఇక్కడ నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ అన్నం ఉడకదు. కుక్కరు లేకపోతే పలుకు తినాల్సిందే.

నూకాలుకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. దాని తోడు ఇంకా కుదురుకోలేదు. మెట్ట మీద గాలి పల్చన. కింది నుంచి వచ్చినవాడు పది మెట్లెక్కితే కూలబడతాడు. అందుకే దారిలో శిబిరంలో ఆపి మాకు తోడు పీల్పిస్తారు. పాలను పెరుగు చేసే తోడు లాంటిదే, కంటికి కనపడని జీవులు. ఊపిరితిత్తుల్లో, ఒంటి మీద కాపురం పెట్టి, ఉన్న కాస్త గాలినీ ఒంటికి పట్టిస్తాయి. మంచు మీద పని చేసే మగవాళ్ళకు గట్టి తోడు ఇస్తారు. తరువాత వచ్చే భార్యలకు మెత్త తోడు. మెట్టవాళ్ళకు ఏదీ అక్కర్లేదు. వాళ్ళకు తల్లుల నుంచే వస్తుంది.

4వ రోజు

2.150. ఊపిరి 60.

మొదటి వారం పిల్లలందరూ తగ్గుతారని హైమవతి గారు అన్నారు. పాలు తాగేటప్పుడు తప్ప పాపను నా గుండె మీద నుంచి దించలేదు. రేపు మంచు మీదికి వెళ్ళాలి. పుస్తకం నూకాలుకు అప్పగించాను.

వెళ్ళాను.

13వ రోజు

వచ్చాను.

గడప దాటకముందే నూకాలు పుస్తకం నా ముఖం మీద పెట్టింది. "సూడు మావా, ఎలాగుందో నా గుంట!"

దాని రాత గుండ్రంగా ఉంటుంది. 2.170. 2.200. 2.230. రోజూ కొంచెం కొంచెంగా ఎక్కి నిన్నటికి 2.420. ఊపిరి 44. బుగ్గలు వచ్చాయి. చొక్కా తీసి పాపను ఎత్తుకున్నాను. నా వేలు పట్టుకుంది.

14వ రోజు

2.390. ఊపిరి 51.

ఎల్లాజీకి కొడుకు పుట్టాడు. ఎల్లాజీ నాకు వరసకు బావ. పల్లంలో ఉన్నప్పుడు పడవలో నాకు ఎదుటి తెడ్డు, ఇక్కడ దుప్పటికి అవతలి అంచున నాకు ఎదుటి సూది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు బిడ్డ. ఆసుపత్రి వరండాలో అందరికీ బెల్లం పంచాడు. "రెండుం పావు కేజీలున్నాడు బావా. మా అయ్యంత సెవులు!" అన్నాడు. వాడి చేతిలోనూ ఇలాంటి పుస్తకమే ఉంది.

16వ రోజు

2.300. ఊపిరి 66. గోళ్ళ మొదళ్ళు నీలంగా ఉన్నాయి.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు పుస్తకంలో తల్లి తిండి గళ్ళు మాత్రం చూశాడు. "రాసిచ్చినవి తినడం లేదమ్మా నువ్వు. నీ పాలు పల్చగా ఉన్నాయి. ఈ లైనులో ఆడవాళ్ళందరిదీ ఇదే గోల. పసిదాన్ని నువ్వే ఎండగడుతున్నావు" అన్నాడు.

"తింటన్నానండి. కడుపు నిండా తింటన్నాను" అంది నూకాలు. ఆయన అప్పటికే తరువాతి పేరు పిలిచాడు.

దారిలో నేను ఊరుకోలేకపోయాను. "ఆయనన్నదాంట్లో తప్పేటుంది? గుడ్డు పెడితే సగం ఒగ్గేత్తావు."

నూకాలు శాలువా పాప ముఖం మీదికి లాగి నాకంటే ముందు నడిచింది. ఇంటికొచ్చి రెండు గుడ్లు ఉడకబెట్టుకుని, నా ఎదురుగా కూర్చుని, నన్నే చూస్తూ తినేసింది. వాంతి వచ్చినా మింగింది.

రేపు వెళ్ళాలి.

25వ రోజు

వచ్చాను. ఎల్లాజీ, నేను ఒకే బండిలో దిగాం. దారి పొడుగునా కొడుకు గురించే మాట్లాడాడు. వాడి భార్య దేముడమ్మ కబురు పంపిందట, గుంటడు పాలు బాగా తాగుతున్నాడని.

మా పాప నిన్న 2.640! ఊపిరి 42. నూకాలు ముఖంలో మళ్ళీ కళ వచ్చింది. గుడ్ల సంగతికి క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. నిద్రపొమ్మని పాపను తీసుకున్నాను. మధ్యాహ్నమంతా నా గుండె మీదే పడుకుంది.

26వ రోజు

2.560. ఊపిరి 59.

ఒక్క రోజులో ఇంత.

ఇన్ని రోజుల తూకాలూ గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి, గీత గీసి తెమ్మన్నారు ఆసుపత్రివాళ్ళు. పుస్తకం పాల మరకలతో చదవడానికి వీల్లేకుండా ఉందట. పాపను గుండెకు గుడ్డతో కట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని చుక్కలు పెట్టాను. చుక్కలు కలిపాను. గీత దిగింది, ఎక్కింది, దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగుతోంది.

వల అల్లేవాడికి ఒకే ముడి మళ్ళీ మళ్ళీ వస్తే కంటికి తెలుస్తుంది. గీత ఎక్కడ వంగిందో ఆ రోజు పేజీ తెరిచి చూశాను. నాలుగో రోజు పేజీ అంచులో నా రాత: వెళ్ళాను. పదమూడో రోజు: వచ్చాను. పదహారు: రేపు వెళ్ళాలి. ఇరవై ఐదు: వచ్చాను.

తల్లి తిండి గళ్ళు చూశాను. గీత ఎక్కినప్పుడు తిన్నదే దిగినప్పుడూ తిన్నది. నిద్ర గళ్ళు చూశాను. నేను ఇంట్లో ఉన్నప్పుడే అది ఎక్కువ నిద్రపోయింది.

గీత దిగిన చోటల్లా ఉన్నది నేను.

పాప నా గుండె మీద నిద్రపోతోంది. ఊపిరి చప్పుడు ఎండుటాకు కదిలినట్టుంది. ముడి విప్పాను. రెండు చేతులతో తీసి మంచం మీద పడుకోబెట్టాను. చర్మం చర్మాన్ని వదిలినప్పుడు చిన్న తడి చప్పుడైంది.

నూకాలు వాకిట్లోంచి చూసి, "ఏటైంది మావా?" అంది.

"దగ్గొస్తంది. గుంటకి అంటుకుంటాది. కుట్టు కొట్టంలో పడుకుంటాను."

చినిగిన దుప్పట్లు బాగుచేసే కొట్టం లైను చివర ఉంది. అక్కడికి వచ్చేశాను. పుస్తకం ఇంటి దగ్గరే పెట్టి, ఇదంతా గళ్ళ కాగితం వెనక రాస్తున్నాను.

28వ రోజు

నూకాలు కొట్టం తలుపు దగ్గర నిలబడి చెప్పింది: 2.600. ఊపిరి 48. రెండు రోజులుగా నేను పాపను ముట్టుకోలేదు.

ఇక అనుమానం లేదు.

ఎల్లాజీ ఇంటికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. వాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒంటి చుట్టూ దుప్పటి. దుప్పటిలోంచి పిల్లవాడి తల మాత్రం కనిపిస్తోంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. దేముడమ్మ మూలన రాగి జావ తాగుతూ ఏడుస్తోంది. డాక్టరు దానికీ అదే మాట చెప్పాడట.

"నా గుండె మీదుంటేనే ఊపిరాడతంది బావా" అన్నాడు ఎల్లాజీ. "దింపితే ఆగిపోద్దేమోనని బయమేత్తంది. ఈ పాలి మంచు మీదకి నాను రాను. సెలవెట్టీసినాను."

"కాసేపు దేముడమ్మకియ్యి. నువ్వు పడుకో."

"దానికి ఓపిక నేదు. నానున్నాను గదా."

నా నోట్లో మాట ఉంది. బయటికి రాలేదు. ఎనిమిదేళ్ళకు పుట్టిన బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చున్నవాడితో, నువ్వే వాడికి విషం అని ఎలా చెప్పేది? ఒక్క ఇంటి పుస్తకం చూసి చెప్పొచ్చా? నేననుకున్నది తప్పయితే? ఇవన్నీ నిజమే గానీ అడుగున ఇంకొకటి ఉంది. అదీ రాస్తాను. ఇది నిజమని తేలితే గట్టి తోడు పీల్చిన మగవాళ్ళందరినీ కిందికి పంపేస్తారు. కింద మా ఊరు లేదు. వెళితే ఎక్కడికి వెళ్ళాలి?

మంచు మీది నుంచి వచ్చాక చెబుదాం అనుకున్నాను. "జాగర్త బావా" అని వచ్చేశాను.

31వ రోజు

మధ్యాహ్నం భోజనాల దగ్గర మేస్త్రీ రేడియోలో వచ్చిన కబుర్లు చదివాడు. గాలి వస్తుందట, తాళ్ళు బిగించుకోవాలట. నూనె డబ్బాలు రేపు వస్తాయట. ఎల్లాజీ కొడుకు పొద్దున పోయాడట.

పదిహేడు రోజుల పిల్లవాడు.

మూడు రోజులుగా ఆ రేడియో నా గుడారానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఎవరైనా వెళ్ళి కిందికి మాట్లాడొచ్చు.

ఎదుటి సూది దగ్గర వేరేవాణ్ణి పెట్టారు. నేను కుట్టలేకపోయాను.

32వ రోజు

నూనె డబ్బాలు తెచ్చిన బండిలో, మేస్త్రీ వద్దంటున్నా దిగి వచ్చాను. ఇంట్లోకి వెళ్ళలేదు. కిటికీ బయట నిలబడి నూకాలును పిలిచి అంతా చెప్పాను. గీత సంగతి, నా సంగతి, ఎల్లాజీకి చెప్పకుండా వెళ్ళిన సంగతి.

పాపను భుజం మీద వేసుకుని వింది. ఓదారుస్తుందని నాలో ఎక్కడో ఒక ఆశ ఉండేది కాబోలు.

"ఇన్నాళ్ళూ నా పాలు పల్చనన్నారు" అంది. "డాక్టరన్నాడు. లైనంతా అంది. నువ్వూ అన్నావు. నాను నమ్మేసినాను మావా. నా ఒల్లే సెడ్డదనుకున్నాను. కక్కుకుంటూ తిన్నాను."

"తప్పయిపోనాది నూకాలూ."

"దేముడమ్మ ఇంకా అలాగే అనుకుంటంది. దాని పాలకే సచ్చిపోనాడనుకుంటంది. బేగి ఎల్లు."

పుస్తకం కిటికీలోంచి నా చేతికిచ్చింది. వేళ్ళు తగలకుండా అంచు పట్టుకుని ఇచ్చింది.

33వ రోజు

పెద్ద డాక్టరు గళ్ళ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "కాకతాళీయం. ఒక్క బిడ్డ గీత చూసి వైద్యం మార్చేస్తామా? నువ్వు దుప్పట్లు కుట్టుకో" అన్నాడు.

హైమవతి గారు నా వెనకే బయటికి వచ్చారు. "ఒక్క బిడ్డదే కదా ఆయన ఇబ్బంది? రండి" అన్నారు.

వెనక గదిలో బీరువా నిండా పుస్తకాలు. కొత్తవాళ్ళ పిల్లలవి, ముప్పై ఎనిమిది. రాయించుకుని, తీసుకుని, పేర్చిపెట్టారు. ఎవరూ తెరవలేదు. కొన్నింటికి అట్టలు అతుక్కుపోయి ఉన్నాయి. తండ్రులు ఏ రోజు మంచు మీద ఉన్నారో, ఏ రోజు ఇంట్లో ఉన్నారో మేస్త్రీ హాజరు పట్టీల్లో ఉంటుంది. ఆవిడ అవి తెప్పించారు. ఇద్దరం గీతలు గీయడం మొదలుపెట్టాం.

34వ రోజు

సాయంత్రానికి అయింది. ముప్పై ఐదు పుస్తకాల్లో ఒకే గీత. తండ్రి వస్తే దిగింది, వెళితే ఎక్కింది. తొమ్మిది గీతలు మధ్యలో ఆగిపోయాయి. తొమ్మిదీ తండ్రి ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఆగాయి.

మిగిలిన మూడు పుస్తకాల్లో గీత దిగనే లేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు తండ్రులు బిడ్డ పుట్టకముందే మంచు పగుళ్ళలో పడి పోయినవాళ్ళు. మూడోవాడు ఇల్లు వదిలి వెళ్ళినవాడు.

హైమవతి గారు నా చర్మం మీద, పాప ముక్కులో దూదితో తుడిచి మైక్రోస్కోపు కింద చూశారు. రెండిట్లోనూ గట్టి తోడు ఉంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఊపిరినిచ్చేదే పసివాళ్ళ ఒంట్లో పులిసి ఊపిరి లాగేస్తుందట. రోజూ కొత్తగా అంటుకోకపోతే వాళ్ళ ఒంట్లో నిలవదు, అందుకే మేము లేని రోజుల్లో తేరుకుంటారు. తక్కువ బరువుతో పుట్టడానికీ ఇదే కారణం కావచ్చు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు పక్కన మేమే కదా ఉన్నది అన్నారు.

మైక్రోస్కోపు మీద నుంచి ఆవిడ తల ఎత్తలేదు. "గుండె మీద పెట్టుకోమని చెప్పింది నేనే కదండీ" అన్నారు. "ఈ ముప్పై ఐదు మందికీ నేనే చెప్పాను."

తెరిచి ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటిగా మూసి పేర్చాను.

35వ రోజు

ఎల్లాజీ ఇంటికి వెళ్ళాను. దేముడమ్మను కూడా కూర్చోమన్నాను. మొదట దానికే చెప్పాను, నీ పాలల్లో ఏ లోపమూ లేదని. కాగితం చూపించాను. వాళ్ళ పిల్లవాడి గీత చిన్నది, అరచేతిలో పట్టేటంత. దిగింది, ఎక్కింది, దిగింది.

దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లాజీ చాలాసేపు కాగితం చూశాడు. తరువాత రెండు చేతులూ తెరిచి వాటిని చూసుకున్నాడు. "నానేనేటి బావా?" అన్నాడు. "నానే సంపీసినానేటి?"

"మనకి తెల్దు గదా. ఎవలికీ తెల్దు."

"నీకెప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే తెలిసిందంటే ఎవరూ కాదనరు.

"నీకాడికి వచ్చినాను సూడు, జాగర్త అని ఎల్లిపోనాను, అప్పటికే తెల్సు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. వాడు దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు కప్పుకున్న దుప్పటే. మూలలు కలిపి, చదును చేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"మూడ్రోజులు" అన్నాడు నన్ను చూడకుండా. "ఆడు మూడ్రోజులు బతికున్నాడు బావా. నువ్వొచ్చి ఎల్లిపోనాక."

"బావా..."

"ఎల్లిపో."

43వ రోజు

2.910. ఊపిరి 41. కిటికీలోంచి నూకాలు చెప్పింది.

పెద్ద డాక్టరు ఇప్పుడు గీతల గురించి తనే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాడు. మాట్లాడనీ. మా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, కుటుంబంతో కిందికి దిగిపోవడం. అక్కడ గట్టి తోడు చంపే మందు ఉంది. అది పోతే మళ్ళీ మెట్ట ఎక్కలేం. రెండోది, తల్లి నుంచి వచ్చే మెత్త తోడు బిడ్డ ఒంట్లో పేరుకుని గట్టిపడేదాకా, అంటే పదమూడు నెలలు నిండేదాకా, బిడ్డకు దూరంగా ఉండటం. తండ్రులకు గట్టు మీద వేరే కొట్టాలు, మధ్యలో అద్దాల గది.

నేను కిందికి వెళదామన్నాను. నూకాలు ఒప్పుకోలేదు.

"కిందనేటుంది? ఎండలో పోయిన పిల్లల్ని లెక్కెట్టినోల్లున్నారేటి? ఒక తోడుతో బాగా పేరుకున్న పెరుగులో ఇంకో తోడేసినా ఏటవదు మావా. దీనికి నా తోడు పేరుకునే దాకా ఆగు. ఆగలేవా?"

"ఆగుతాను."

46వ రోజు

ఎల్లాజీ, దేముడమ్మ కిందికి దిగిపోయారు. బండి బయలుదేరే చోట దూరంగా నిలబడ్డాను. దేముడమ్మ నన్ను చూసి తల ఊపింది. ఎల్లాజీ తాడు ముడి సరిచూసుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడు. నాకు తెలుసు, ఆ ముడికి సరిచూడాల్సిందేమీ లేదు.

60వ రోజు

అద్దాల గది. అవతల నూకాలు, దాని ఒళ్ళో పాప. పేరు పెట్టిందట. అద్దం మందంగా ఉంది, వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ వినపడలేదు. చివరికి కాగితం మీద రాసి చూపించింది. గంగ.

118వ రోజు

5.300. బోర్లా పడుతోందట. నేను చూడలేదు. మంచు మీద గాలివాన, వారం దిగలేకపోయాం.

197వ రోజు

పుస్తకంలో గళ్ళు అయిపోయాయి. వెనక అట్ట మీద రాస్తున్నాను.

శిబిరంలో కొత్తగా వచ్చే మగవాళ్ళను ఇప్పుడు అడుగుతున్నారట, భార్య కడుపుతో ఉందా అని. ఉంటే మెత్త తోడే ఇచ్చి ఊళ్ళో పని చూపిస్తున్నారు. ఈ ఐదు నెలల్లో లైనులో ఒక్క బిడ్డా పోలేదని హైమవతి గారు చెప్పారు. సంతోషించాలి. ఎదుటి సూది దగ్గర ఇప్పుడున్నవాడు మంచివాడే. కుట్టు దగ్గర దగ్గరగా వేస్తాడు. వాడితో నాకు మాటలు లేవు.

ఎల్లాజీకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

304వ రోజు

అద్దం అవతల గంగ నిలబడింది. అద్దాన్ని చేతులతో తట్టింది. నేనూ ఇవతల చెయ్యి పెట్టాను. అది నన్ను చూసి కాదు, అద్దంలో దాని నీడను చూసుకుని నవ్వుతోంది.

398వ రోజు

హైమవతి గారు దూది పరీక్ష రెండుసార్లు చేశారు. "గట్టిపడింది. ఇక మీరు ఇంటికి వెళ్ళొచ్చు. ఎత్తుకోవచ్చు కూడా" అన్నారు. అయినా ఇంకో రెండు రోజులు ఆగి వెళతాను.

400వ రోజు

మూడుసార్లు స్నానం చేసి ఇంటికి వెళ్ళాను. పొద్దున పదిగంటల వేళ. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది.

గంగ నన్ను చూసి నూకాలు కాళ్ళ చాటుకు పోయింది. ఏడవలేదు. చీర కుచ్చిళ్ళ పక్క నుంచి ఒక కన్ను పెట్టి చూసింది. తొమ్మిది కిలోలు ఉంటుంది, తూకం వేయకుండానే తెలుస్తోంది. నల్లటి జుట్టు, గట్టి పిక్కలు.

"అయ్య" అని చూపించింది నూకాలు. గంగ నన్ను చూసింది, గోడను చూసింది, పొయ్యిని చూసింది. అయ్య అంటే ఏ వస్తువో దానికి తెలియదు.

"ఎత్తుకో మావా" అంది నూకాలు.

నా చేతులు లేవలేదు. లేపుదామనుకున్నాను. భుజాల దగ్గరే ఆగిపోయాయి. ఎల్లాజీ తన చేతులు తెరిచి చూసుకున్నది కళ్ళలో మెదిలింది.

"సెప్పినారు గదా, పరవానేదని."

"తెల్సు."

"మరేటి?"

"కూకుంటాను. నువ్వు నీ పని సూసుకో."

గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, నేల మీద కూర్చున్నాను. నూకాలు నన్ను ఒక్క క్షణం చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. కుక్కరు ఈల వేసింది. గంగ కాసేపు తల్లి వెనక నిలబడింది. తరువాత నన్ను మరిచిపోయి దాని ఆటలో పడింది. చెక్క గరిటె ఒకటి పట్టుకుని నేలను కొడుతోంది. గరిటె చేతిలోంచి జారి దొర్లి, నా కాళ్ళ అవతల పడింది.

చుట్టూ తిరిగి వస్తుందనుకున్నాను. రాలేదు. తిన్నగా వచ్చింది. రెండు చేతులూ నా మోకాలి మీద ఆనించి, ఒక కాలు ఎత్తి, పొట్టను నా పిక్క మీద ఆనించి, గడప దాటినట్టు నా మీదుగా ఎక్కి అటు దిగింది. గరిటె తీసుకుంది. మళ్ళీ అలాగే ఎక్కి, ఇటు దిగి, తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వెచ్చగా ఉంది. బరువుగా ఉంది.

భోజనానికి లెమ్మంది నూకాలు. కంచం ఇక్కడికే తెమ్మన్నాను. ఎండ గడప దాటి వెళ్ళిపోయేదాకా ఆ కాళ్ళు అలాగే చాపి కూర్చున్నాను.